వ్యాధినిరోధము – నిత్యకృత్యములు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



గ్రంథాలయము ఇరువదియైదు వత్సరములు పూర్తి చేసికొన్న ఈ శుభసమయమున ఆరోగ్యమును గూర్చి ప్రసంగించుట అప్రస్తుతము కాదు. తెలుగునాట గ్రంథాలయోద్యమము మొలకెత్తిన దినములనుండియు విద్యయు ఆరోగ్యమును జంటగానే నడచినవి. 1901వ సంవత్సరమున హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1906లో అదే నగరమున విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి స్థాపితమైనది. ఆ మండలి రాజుల చరిత్రములతో తృప్తిపడక, ప్రకృతిశాస్త్ర గ్రంథములను సైతము తెలుగున ప్రకటించినది. వైద్యులైన ఆచంట లక్ష్మీపతిగారు అంటువ్యాధులను గూర్చి సామాన్యులకు బోధపడునట్లు తెలుగున గ్రంథము రచించిరి. పట్టణమున వైద్యుని నోట వినదగిన మాట పల్లెలో పుస్తకము తెఱచినవారికి సయితము అందుట ఆ దినములనుండియే ఆరంభమైనది.

నేటి ప్రస్తావము వ్యాధినిరోధక శక్తి. ఈ మాట 2020, 2021 సంవత్సరములలో కరోనా మహమ్మారి చెలరేగిన కాలమున ప్రతి ఇంటను వినబడినది. ఆ శక్తిని సీసాలలోను పొట్లములలోను నింపి అమ్మినవారును ఉన్నారు. అప్పుచేసి కొన్నవారును ఉన్నారు. అంగడిలో ఒక్కనాడు కొని తెచ్చుకొనదగిన సరకు అది యగునా, లేక ఇంటిలో దినదినమును కూడబెట్టవలసిన ధనమా, అను విషయమునే ఇచట విచారింపవలయును.

మహాభారతమున అరణ్యపర్వమునందు నలోపాఖ్యానము కలదు. దమయంతి నలుని వరించినదని కలిపురుషుడు పగబట్టి, నలుని దేహమున ప్రవేశించుటకు సందు వెదకుచు నిషధపురమున పొంచియుండెను. పదునొకండేండ్లు గడచినవి. కలికి సందు దొరకలేదు. పండ్రెండవ యేట ఒకనాడు నలుడు మూత్రవిసర్జనము చేసి, ఆచమించి, పాదములు కడుగుకొనకయే సంధ్యోపాసనకు కూర్చుండెను. ఆ క్షణముననే కలి అతనిలో ప్రవేశించెను. అటుపిమ్మట జూదము, రాజ్యనాశము, వనవాసము, పత్నీవియోగము.

ఈ కథను శౌచమునకు సంబంధించిన నీతిగా పెద్దలు చెప్పుదురు. ఇందు మఱియొక విశేషము కలదు. పదునొకండేండ్లు నలుని రక్షించినది కోటగోడ కాదు, సైన్యము కాదు. ప్రతిదినమును తప్పక జరిగిన ఒక చిన్నపని. దానిని ఎవరును పొగడలేదు. తప్పిననాడు మాత్రమే దాని విలువ తెలియవచ్చినది. వ్యాధినిరోధక శక్తి స్వభావమును ఇట్టిదే.

అయితే ఈ కథనుబట్టి వ్యాధిగ్రస్తుని దోషిగా నెంచరాదు. నలుడు రాజు; కాళ్లు కడుగుకొనుటకు అతనికి నీటికి కొదువ లేదు. పప్పు కొనజాలని ఇంటిలో, వాకిలి తప్ప వేరు గవాక్షము లేని ఇంటిలో రోగము ప్రవేశించినచో అది ఆ ఇంటివారి తప్పు కాదు. అలవాటు వ్యక్తికి సంబంధించినది. ఆ అలవాటు సాగుటకు వలసిన అన్నము, నీరు, గాలి ఇంటికిని ఊరికిని సంబంధించినవి. ఈ రెంటిని కలిపి చూడవలయును.

ఆయుర్వేదాచార్యులు ఈ శక్తికి వ్యాధిక్షమత్వమను పేరు పెట్టిరి. శరీరములన్నియు వ్యాధిని సహింపజాలవనియు, మిక్కిలి స్థూలమైనవి, మిక్కిలి కృశించినవి, తగని ఆహారముచే పెరిగినవి, స్వల్పాహారముచే క్షీణించినవి వ్యాధికి సులభముగా లోబడుననియు చరకసంహిత చెప్పుచున్నది. ఆహారము, నిద్ర, బ్రహ్మచర్యము అను మూడును దేహమను ఇంటికి స్తంభములనియు ఆ గ్రంథముననే కలదు. బ్రహ్మచర్యమనగా గృహస్థునకు నియమబద్ధమైన జీవనమని వ్యాఖ్యాతలు తెలిపిరి. ఈ మూడింటిలో ఒక్కటియు అంగడిలో అమ్మునది కాదు.

నవీనశాస్త్రము ఇదే విషయమును లోపలి యంత్రాంగముతో సహా విప్పి చూపినది. చర్మము మొదటి కోట. ముక్కు, నోరు, ప్రేగులలోని జిగటపొర రెండవ కోట. వానిని దాటి వచ్చిన సూక్ష్మజీవులను రక్తమునందలి తెల్లకణములు ఎదుర్కొనును. వానిలో కొన్ని శత్రువును మ్రింగును. కొన్ని ప్రతిరక్షకములను పదార్థములను తయారుచేయును. మఱికొన్ని వచ్చిన శత్రువు రూపును గుర్తుంచుకొని, మరల వచ్చినపుడు త్వరితముగా మేల్కొలుపును. ఈ కణములు నిత్యము పుట్టుచు గిట్టుచుండును. వానిని నిర్మించుటకు మాంసకృత్తులు వలయును. ఇనుము, జింకు, జీవసత్త్వములు వలయును. అవి సక్రమముగా పనిచేయుటకు నిద్ర వలయును. ఈ శక్తి అపరిమితముగా పెరుగుటయు మేలు కాదు. దారితప్పి తన దేహముపైననే తిరుగబడినచో కీళ్లవాతము వంటి వ్యాధులు కలుగును. కావున కోరదగినది మితిమీరిన బలము కాదు, సమత.

ఈ సత్యమును తెలిసికొనుటకు దూరదేశములకు పోనక్కరలేదు. ఈ జిల్లాలోనే అనంతగిరి కలదు. అనంతపద్మనాభస్వామి కొలువున్న కొండ, మూసీనది జన్మస్థానము. ఆ కొండలపై నిజాము పాలనా కాలమున క్షయరోగులకు ఆరోగ్యాలయము కట్టబడినది. అంతకుముందే, 20వ శతాబ్ది రెండవ దశాబ్దిలో, మదనపల్లె సమీపమున ఆరోగ్యవరము వెలసియుండెను. రాబర్టు కాకు అను జర్మను వైద్యుడు 1882 మార్చి 24న క్షయ సూక్ష్మజీవిని కనుగొన్నట్లు ప్రకటించినను, దానిని చంపు మందు మాత్రము మఱి అరువదియేండ్లవరకు లభింపలేదు. అందువలన కొండగాలి, విశ్రాంతి, పాలు, గ్రుడ్లు, పండ్లు – ఇవియే ఆనాటి చికిత్స. కొందఱు కోలుకొనిరి, పెక్కుమంది కోలుకొనలేదు.

1940వ దశకమున స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనయాజిడ్ వైద్యుల చేతికి వచ్చినవి. అప్పుడొక ప్రశ్న పుట్టినది: మందులున్న తరువాత రోగిని కొండపైకి పంపవలయునా? మద్రాసులో 1956లో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము నెలకొల్పబడినది. అచటి పరిశోధకులు రోగులను రెండు జట్లుగా విభజించి, ఒక జట్టును ఆరోగ్యాలయమున ఉంచిరి. రెండవ జట్టువారు తమ ఇరుకు ఇండ్లలోనే, తమకు దొరకిన తిండియే తినుచు, అవే మందులు సేవించిరి. 1959లో ఫలితములు వెలువడినవి. ఇంటివద్ద మందు తిన్నవారును ఆరోగ్యాలయమున ఉన్నవారితో దాదాపు సమానముగా కోలుకొనిరి. లోకమంతటను క్షయచికిత్స ఆరోగ్యాలయములను విడిచి ఇండ్లకు చేరుటకు ఈ పరిశోధనమే ముఖ్యకారణమైనది.

ఇందుండి గ్రహింపదగిన మొదటి పాఠము స్పష్టము. మంచిగాలియు మంచితిండియు మందునకు బదులు కావు. దగ్గు రెండు వారములకు మించి నిలిచినను, సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట, కఫమున రక్తము కనబడినను, కషాయములతో కాలక్షేపము చేయక ప్రభుత్వ వైద్యశాలకు పోయి కఫపరీక్ష చేయించుకొనవలయును. పరీక్షయు మందులును అచట ఉచితము. సాధారణ క్షయకు ఆరు నెలల చికిత్స. రెండు నెలలకే దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, రోగి తాను స్వస్థుడనైతినని తలచును. అప్పుడు మందు మానుట మహాప్రమాదము. మిగిలిన సూక్ష్మజీవులు మందునకు లొంగనివై మరల విజృంభించును. రోగము పేరు బయటపడిన పిల్లకు సంబంధము కుదురదని దాచుట అంతకంటె ప్రమాదము. దాచిన రోగము ఇంటిలోని పసిపిల్లలకు సోకును.

కాని ఆ పరిశోధనము మఱియొక ప్రశ్నను మిగిల్చినది. మందు రోగిని లేపినది, నిజమే; ఆ ఇంటిలో రెండవ రోగి పుట్టకుండ కాపాడునది ఏది? క్షయ సూక్ష్మజీవి సోకిన వారందఱును రోగులు కారు. నూటికి ఐదుగురు మొదలు పదిమంది వరకే జీవితకాలమున ఎన్నడో రోగము పాలగుదురు. తక్కినవారి దేహమున తెల్లకణములు ఆ సూక్ష్మజీవిని గోడకట్టి బంధించి ఉంచును. ఆ గోడ ఎప్పుడు కూలును? దేహము కృశించినపుడు, మధుమేహము ముదిరినపుడు, పొగాకును మద్యమును ఊపిరిని, రక్తమును చెఱచినపుడు.

దీనికి ప్రత్యక్షప్రమాణము జార్ఖండ్ రాష్ట్రమున లభించినది. 2019 నుండి 2022 వరకు నాలుగు జిల్లాలలో 2,800 మంది క్షయరోగుల ఇండ్లలో పరిశోధనము జరిగినది. మద్రాసు కేంద్రమునుండి ఎదిగిన చెన్నై క్షయ పరిశోధన సంస్థయు ఇందు పాల్గొన్నది. రోగులందఱకును ఆహారపు మూట అందినది. సగము ఇండ్లలో మాత్రము రోగితోపాటు ఇంటివారికి కూడ నెలనెలా ఆహారము ఇచ్చిరి. పెద్దవారొక్కరికి నెలకు 5 కిలోల బియ్యము, కిలోన్నర పప్పు, జీవసత్త్వముల మాత్రలు. పిల్లలకు అందు సగము. ఈ రెండు విధముల ఇండ్లలోను కలిపి పదివేలకు పైగా కుటుంబసభ్యులను గమనించిరి. 2023లో ఫలితములు ప్రకటితమైనవి. ఇంటివారికి ఆహారము అందిన ఇండ్లలో క్రొత్తగా క్షయ సోకుట నూటికి 39 వంతులు తగ్గినది. ఇతరులకు అంటించునట్టి ఊపిరితిత్తుల క్షయ 48 వంతులు తగ్గినది. చికిత్సారంభమున రెండు నెలలలో బరువు పెరిగిన రోగులలో మరణములు సయితము బాగుగా తగ్గినవి.

కిలోన్నర పప్పు ముప్పది దినములకు పంచిచూచినచో దినమునకు 50 గ్రాములు. ఒక గుప్పెడు పప్పు! ఏ దేశపు అపూర్వౌషధమును కాదు. మందు రోగిని లేపును. అన్నము ఇంటివారిని నిలుపును. ఈ ఒక్కమాట జ్ఞాపకముంచుకొన్నచో ఈ ఉపన్యాసము సార్థకము.

ఈ ప్రాంతమునకు ఇంతకంటె సంతోషవార్త వేఱొకటి ఉండదు. తాండూరు కంది ప్రసిద్ధికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఈ నేలనే పండు పప్పు ఈ నేలవారి కంచములలో పలుచని చారుగా మిగులుట న్యాయము కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరున చిన్న పరిశోధనశాలగా పుట్టి, 1958లో ఇచటికి తరలివచ్చినది. ఆ సంస్థ 2024లో ప్రకటించిన సూచనలప్రకారము దినమునకు పప్పు, గ్రుడ్డు, మాంసము కలిపి 85 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400 గ్రాములు కంచమున ఉండవలయును. జొన్నరొట్టె, కందిపప్పు, పుంటికూర, తోటకూర, మునగాకు, పల్లీలు, నువ్వులు, మజ్జిగ, జామ, ఉసిరి, సీతాఫలము – ఇవి పెరటను, చేనిలోను, సంతలోను దొరకునవియే. పప్పున నిమ్మరసము పిండుకొన్నచో అందలి ఇనుము దేహమునకు బాగుగా పట్టును. భోజనముతోడనే చాయ త్రాగినచో పట్టదు.

ఆకుకూరల మహిమను లోకమునకు చాటినవారిలో తెలుగువాడొకడున్నాడు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు స్ప్రూ అను ప్రేగుల వ్యాధికి తమ సోదరులను కోలుపోయిరి. అమెరికాకు పోయి పరిశోధించి, ఆకుకూరలయందు ఉండు ఫోలికామ్లమును 1945లో సహచరులతో కలిసి ప్రయోగశాలలో తయారుచేసిరి. నేడు గర్భిణులకు ఇచ్చు మాత్రలలో ఉండునది అదియే.

ఇక కంచములను గూర్చి మఱియొక మాట చెప్పక తప్పదు. పెక్కు ఇండ్లలో మగవారు మొదట, పిల్లలు పిదప, ఇల్లాలు చివర భుజింతురు. పప్పు మొదటి వరుసకే చెల్లిపోవును. గిన్నె అడుగున మిగిలినది ఆమె పాలు. అత్త, కోడలు, ఎదిగిన ఆడుపిల్ల – ఈ ముగ్గురి కంచములను చూచినచో ఆ ఇంటి వ్యాధినిరోధక శక్తి లెక్క తేలును. రోగికి పరిచర్య చేయునది ఆమె. రోగి దగ్గును అందఱికంటె దగ్గఱగా పీల్చునది ఆమె. తక్కువ తినునదియు ఆమెయే. వండిన పప్పును మొదటనే సమముగా పంచి ఉంచుట ఖర్చులేని సంస్కారము. అంగన్‌వాడీ కేంద్రమున గర్భిణులకును బాలింతలకును పెట్టు భోజనము, గ్రుడ్డు, పాలు ఆమె అచటనే భుజింపవలయును. ఇంటికి తెచ్చి పదిమందికి పంచరాదు. క్షయరోగులకు పోషణకై కేంద్రప్రభుత్వము 2018నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చుచుండి, 2024 నవంబరునుండి 1,000 రూపాయలకు పెంచినది. ఆ సొమ్ము పప్పునకును గ్రుడ్లకును పోవలయును గాని, పాత బాకీలకు కాదు.

ఆహారము తరువాత చేతుల శుభ్రత. 2005లో ప్రకటితమైన కరాచీ నగరపు పరిశోధనమున, సబ్బుతో చేతులు కడుగుకొను అలవాటు నేర్పిన ఇండ్లలో ఐదేండ్లలోపు పిల్లలకు న్యుమోనియా సగము తగ్గినది. పదునైదేండ్లలోపు వారికి విరేచనములు సగమునకు పైగా తగ్గినవి. పిల్లవానికి విరేచనములు మాటిమాటికిని వచ్చుచుండినచో తిన్న పప్పు వృథా యగును. కుండలోని నీటిని చేయి ముంచి కాక, కాడగల గరిటెతో తీయుట, మఱుగుదొడ్డినుండి వచ్చినపుడును, వంటకు ముందును, బిడ్డకు తినిపించుటకు ముందును చేతులు కడుగుట – ఇది నలుడు ఒక్కనాడు మఱచిన పనియే.

పిదప నిద్ర. 2015లో అమెరికా పరిశోధకులు 164 మంది ఆరోగ్యవంతుల నిద్రను వారముపాటు కొలిచి, పిమ్మట వారి ముక్కులలో జలుబు సూక్ష్మజీవులను వైచి చూచిరి. ఆరుగంటలకంటె తక్కువ నిద్రించినవారు, ఏడుగంటలకు మించి నిద్రించినవారికంటె నాలుగురెట్లు అధికముగా జలుబునకు లోబడిరి. చేనుకాపునకు మేల్కొనుట తప్పనిది. సెల్‌ఫోను కొఱకు మేల్కొనుట తప్పించుకొనదగినది.

పిదప గాలి. పొయ్యిపొగ, బీడీ, చుట్ట, రాతి పాలిషు యంత్రములవద్ద లేచు ధూళి – ఇవి ఊపిరితిత్తుల జిగటపొరను చెఱచి, సూక్ష్మజీవికి దారి ఇచ్చును. రోగి ఉన్న గదిలో పగలెల్ల తలుపులు తెఱచి ఉంచవలయును. రోగి దగ్గునపుడు గుడ్డ అడ్డము పెట్టుకొనవలయును. ధూళిలో పనిచేయువారు ముక్కునకు అడ్డము కట్టుకొనుటయు, రాతిని తడిపి కోయుటయు మేలు.

కడపట టీకా. నిత్యకృత్యములెంత చక్కగా నడచినను కొన్ని శత్రువులకు అవి చాలవు. మశూచి రోగము భారతదేశమున 1975లో అంతరించినది; లోకమంతట నశించినదని 1980లో ప్రకటింపబడినది. పోలియో చివరి రోగి ఈ దేశమున 2011 జనవరిలో కనబడెను. ఇవి కషాయములవలన పోలేదు, టీకాలవలన పోయినవి. టీకా యనగా శత్రువు రూపును తెల్లకణములకు ముందుగానే చూపుట. క్షయకు వాడు బి.సి.జి. టీకా 1948లో మదనపల్లెయందే ఈ దేశమున మొదట ప్రారంభమైనది. అది పసిపిల్లలను మెదడుకు సోకు క్షయనుండి ముఖ్యముగా కాపాడును. పెద్దలకు దానిని మాత్రమే నమ్ముకొనరాదు. ఆశా కార్యకర్త చెప్పిన దినమున బిడ్డను కొనిపోవుట తల్లిదండ్రుల విధి.

సభాసదులారా! లోకమున క్షయరోగులలో సుమారు నాలుగవవంతు భారతదేశముననే ఉన్నారు. ఈ భారము ఒక్క వైద్యశాలచే తీరునది కాదు. రోగి ఉన్న ఇంటిని దూరముగా ఉంచుటకు బదులు, ఇరుగుపొరుగువారు చేతనైనంత పప్పు, గ్రుడ్లు ఆ ఇంటికి చేర్చినచో, అది దానము మాత్రమే కాదు, ఊరి రక్షణము. ఒక ఇంటిలో రెండవ రోగి పుట్టకున్నచో పొరుగింటిలో మూడవ రోగియు పుట్టడు.

ఈ గ్రంథాలయము రానున్న ఇరువదియైదు వత్సరములలో ఆరోగ్యగ్రంథములకు ఒక బీరువాను ప్రత్యేకించి, చదువజాలని తల్లులకు వారమునకు ఒకనాడు వానిని చదివి వినిపించు ఏర్పాటు చేయునని ఆశింతము. చదువు చెవిని పడును. చెవిని పడినది చేతికి రావలయును. చేతికి వచ్చినది కంచమున కనబడవలయును. అప్పుడే గ్రంథాలయము గ్రామమునకు నిజమైన ఆరోగ్యాలయమగును.

స్వస్తి.